నాలుగో పంజా

"దాన్ని కదిపారంటే ఆయన ఊరుకోడు," అంటూ ముసలి సాజా బీబీ బల్లకు అడ్డంగా చతికిలబడింది.

"ఆయన పోయి ఇరవై ఏళ్లయిందమ్మా. ఇంక ఊరుకోక ఏం చేస్తాడు?" అన్నాడు కొడుకు సమద్ విసుగ్గా.

బల్ల మోయడానికి వచ్చిన నలుగురూ నవ్వారు. గుమ్మం పక్కన నిలబడ్డ మనవరాలు రహ్తీకి మాత్రం నవ్వు రాలేదు. దాల్ సరస్సు మీద ఉన్న వాళ్ల పడవ ఇంటికి వంటగది మూల నీళ్లు ఊరుతున్నాయి. బడికి వెళ్లేముందు రోజూ ఆమే డబ్బాతో తోడిపోస్తోంది. బాగుచేసుకోవడానికి సర్కారు అనుమతి ఎట్టకేలకు వచ్చింది. దేవదారు పలకలు కొనాలంటే అమ్మడానికి మిగిలింది ఈ అక్రోటు కర్ర బల్ల ఒక్కటే. బల్లయినా పోవాలి, పడవైనా పోవాలి.

పాతసామాన్ల వ్యాపారి అసద్ జూ బల్ల అంచు వెంట టార్చి వేసి చూస్తున్నాడు. చినార్ ఆకులు, వాటి మధ్య దూరిన పిట్టలు. ఒక్కో ఆకు ఈనెలు కూడా లెక్కపెట్టేటట్టు ఉన్నాయి.

"తెల్లదొరల కాలం నాటిది," అన్నాడు. "వాళ్లకు ఇక్కడ నేల కొనే హక్కు లేదు కదా, నీళ్ల మీద ఇళ్లు కట్టించుకున్నారు. నీళ్ల మీదైనా బల్ల ముందు కూర్చోకపోతే ముద్ద దిగదాయె! చాప మీద కూర్చుని ఒకే పళ్లెంలో తినే మనవాళ్లు వాళ్ల కోసమే బల్లలు చెక్కడం నేర్చుకున్నారు."

"ఏ దొరలూ కాదు," అంది సాజా బీబీ. "పెద్ద వరద తగ్గిన ఏడు మా ఆయన చెక్కాడు. ఈ గదిలోనే, తలుపులేసుకుని. నన్ను కూడా రానివ్వలేదు."

"నా ముందు అన్నావు సరే బీబీ, నా దగ్గర కొనేవాళ్ల ముందు అనకు."

మళ్లీ నవ్వులు. అసద్ జూ వంగి కాళ్లు చూశాడు. మూడు కాళ్లకు సింహం పంజాలున్నాయి. నాలుగోది పంజా లేకుండా తిన్నగా నేల పలకలోకి దిగిపోయింది.

"నాలుగో పంజా ఏదయ్యా?"

"బరువుకు దిగబడి ఉంటుంది జనాబ్. పైకి లాగితే వస్తుంది," అన్నాడు సమద్.

"విరిగి వచ్చిందనుకో, అనుకున్న ధర ఇవ్వను. ముందే చెబుతున్నా."

ఆ కాలు సంగతి రహ్తీకి తెలుసు. చిన్నప్పుడు బల్ల కింద దూరి దాన్నే కౌగిలించుకుని కూర్చునేది. మిగతా మూడూ వెచ్చగా ఉండేవి. అది ఎండాకాలంలోనూ చల్లగానే ఉండేది. చెవి ఆనిస్తే లోపల సింహం గురక పెడుతున్నట్టు చిన్న చప్పుడు. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. అలాంటి చప్పుడే ఈమధ్య ఇంకెక్కడో విన్నట్టుంది. ఎక్కడో గుర్తురావడం లేదు.

"అబ్బాజాన్, ఆ కాలు..."

అందరూ ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. రహ్తీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఏంటే?"

"ఏం లేదు."

"పాప నోట్లో ముత్యాలున్నాయి, రాలిపోతాయని భయం," అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

సమద్ తల్లిని భుజాలు పట్టి లేపి పక్కన కూర్చోబెట్టాడు. ఆమె చలికాచుకునే బుట్ట కుంపటిని ఒళ్లోకి లాక్కుని, "నేను చెప్పాల్సింది చెప్పాను," అని మొహం తిప్పుకుంది. అసద్ జూ నోట్ల కట్ట తీసి సమద్ చేతిలో పెట్టాడు.

"బిస్మిల్లా, పట్టండి!"

మూడు కాళ్లు లేచాయి. నాలుగోది కదల్లేదు.

"ఇంకో పట్టు!"

బుడ్డి మూత ఊడినట్టు ఒక చప్పుడైంది. కాలు పైకి రాసాగింది. వస్తూనే ఉంది. మిగతా వాటి కంటే మూరెడు పొడుగుంది. చివర పంజా లేదు. తారు పూసిన గోనెగుడ్డ బిగించి చుట్టి ఉంది.

"ఇదేం బల్లయ్యా?" అన్నాడు అసద్ జూ.

అప్పుడు గుర్తొచ్చింది రహ్తీకి, ఆ చప్పుడు రోజూ ఎక్కడ వింటోందో. వంటగది మూల, నీళ్లు ఊరే చోట.

"దించండి!" అనబోయింది. ఆ మాట పెదవి దాటేలోపే, కాలు లేచిన కన్నంలోంచి సరస్సు మనిషెత్తున చిమ్మింది.