చిన్నోడి చెడ్డరోజు

చిన్నోడు చొక్కా గుండీలు ఐదోసారి విప్పి, ఐదోసారి పెట్టుకున్నాడు.

"భేష్. లోపల కూడా అచ్చం ఇలాగే," అంది అక్క.

అప్పీళ్ళ ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నారిద్దరూ. తమ్ముడికి ముప్ఫయ్యేళ్ళు. బుద్ధికి మాత్రం ఏడో ఎనిమిదో. పైగా మూర్ఛ.

అక్క బట్టల ఫ్యాక్టరీకి వెళ్ళాక, సర్కారు పంపే సహాయకుడు రోజూ ఎనిమిది గంటలు అతణ్ణి కనిపెట్టుకుని ఉంటాడు. వచ్చే నెల నుంచి రెండు గంటలేనని ఉత్తరం వచ్చింది. ఆ ఆరు గంటలూ పోతే ఆమె పనీ పోయినట్టే. లేదా తమ్ముణ్ణి ఎక్కడో పరాయి పంచన వదిలెయ్యాలి.

ఇవాళ్టి విచారణే ఆఖరిది.

"ఆ గుండీలు లోపల చూపించకమ్మా," అన్నాడు పక్క బెంచీ పెద్దాయన. ఒళ్ళో చేతిసంచి. నలిగిన చొక్కా.

"మీరెవరండీ?"

"ఎవరో ఒకణ్ణిలే. ఎన్ని గంటల సాయం కావాలో తేల్చడానికి ఇంటికొచ్చి చూసినావిడతో ఏం చెప్పావు?"

"అన్నీ తనే చేసుకుంటాడని చెప్పాను. అబద్ధమా ఏంటి? తింటాడు, స్నానం చేస్తాడు."

"రోజూనా?"

ఆమె తమ్ముడి చొక్కా చేతిని మణికట్టు దాకా లాగింది.

"మంచిరోజు చెప్పావు, వాళ్ళు గంటలు కోసేశారు. ఈసారి చెడ్డరోజు చెప్పు. మంచిరోజు చూసి సాయం కోయకూడదని పాత తీర్పు ఒకటుంది. దాని ప్రకారం చూడమని అడుగు."

"మాకు ఏజెంట్లు అక్కర్లేదండీ."

"నాకూ ఆ పని చేతకాదమ్మా."

"వాడి ముందే వాణ్ణి చేతకానివాడని చెప్పమంటారా? మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే ఆ మాట మీ నోటెంట రాదు."

పెద్దాయన లేచాడు. సంచి తీసుకుని వరండా ఆ చివరికి వెళ్ళి, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

లోపల విచారణ చేసేవాళ్ళు ముగ్గురున్నారు.

ఎవరూ అడక్కుండానే చిన్నోడు గుండీలన్నీ విప్పి, వరస తప్పకుండా పెట్టుకున్నాడు.

"చక్కగా చేసుకుంటున్నాడే," అంది మధ్యలో కూర్చున్నావిడ, ఏదో రాసుకుంటూ.

పక్కనున్నాయన ఫైలు మూయబోయాడు.

నిజం చెప్పమంటావా, వీడి పరువు కాపాడమంటావా అని అక్క దేవుణ్ణి అడిగింది. ఫైలు మూతపడుతోంది.

"మేడమ్, ఇవాళ మంచిరోజు. మంచిరోజు చూసి కోయకూడదని తీర్పు ఉందట. దాని ప్రకారం చూడండి."

ఫైలు మీద చెయ్యి ఆగింది.

"ఉంది," అందావిడ. "అయితే చెడ్డరోజు చెప్పండి."

తమ్ముడి వైపు చూడకుండా చెప్పింది. పోయిన నెల సహాయకుడు రాని రోజు. పాలు కాచుకుంటానని పొయ్యి వెలిగించాడు. మూర్ఛ వచ్చి దాని పక్కనే పడిపోయాడు. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలింది. ఆ మచ్చ కనపడకూడదనే ఇవాళ పొడుగు చేతుల చొక్కా వేసింది. ఇంటికొచ్చి చూసిన రోజు కూడా అదే చొక్కా.

"చెయ్యి చూపిస్తావా బాబూ?"

చిన్నోడు రెండుసార్లు లాగాడు. చేతి గుండీ ఊడిరాలేదు. అక్కే విప్పింది.

"అక్కా, నేను బాగానే పెట్టుకున్నాను కదా," అన్నాడు మెల్లగా.

"బాగానే పెట్టుకున్నావురా."

ముగ్గురూ తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకున్నారు. ఆ పావుగంటా ఆమె తమ్ముడి చెయ్యి వదల్లేదు.

ఎనిమిది గంటలూ ఎప్పటిలాగే ఉంటాయని రాసిచ్చారు.

ఆమె ఆ కాగితం పట్టుకుని, తమ్ముణ్ణి లాక్కుంటూ వరండా ఆ చివరికి పరుగులాంటి నడకతో వెళ్ళింది. బెంచీ ఖాళీ.

"ఇక్కడ పెద్దాయనుండాలి?" అని తలుపు దగ్గరి బంట్రోతుని అడిగింది.

"బస్సెక్కేశారమ్మా. రోజూ ఆఫీసు మూసేదాకా ఉంటారు, వచ్చినవాళ్ళందరికీ చెబుతూ. ఇవాళెందుకో తొందరగా వెళ్ళిపోయారు."

"రోజూ వస్తారా? ఆయనకేం పనిక్కడ?"

బంట్రోతు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"ఇందాక మీరు అడిగిన తీర్పు వాళ్ళమ్మాయి కేసులోదేనమ్మా, ఆ పిల్ల చనిపోయిన రెండేళ్ళకి వచ్చింది."