ఎత్తిన బానెట్

ఎడారి మధ్య సాగే మా నల్లర్‌బోర్ రోడ్డు మీద బానెట్ ఎత్తి నిలబడ్డ కారును ఎవరూ దాటిపోరు. నీళ్లు లేకపోతే అక్కడ మనిషీ బతకడు, ఇంజినూ బతకదు. అందుకే ఆ రాత్రి నేనూ, నా స్నేహితుడు డార్సీ ఆగాం. పాత కారు. లోపల ఎవరూ లేరు.

"ఎవడో మొద్దు! నీళ్లు చూసుకోకుండా తోలుంటాడు," అంటూ డార్సీ గుడ్డ చుట్టి రేడియేటర్ మూత తిప్పాడు. ఆవిరి రాలేదు. లోపల చుక్క లేదు.

మా క్యాన్ తెచ్చి పోశాడు. నీళ్లు గటగటా దిగిపోయాయి. క్యాన్ ఖాళీ అయినా మట్టం పైకి రాలేదు. నేను కారు కింద చెయ్యి పెట్టి తడిమాను. నేల పొడిగానే ఉంది.

"నీకంటే తాగుబోతురా ఇది," అన్నాడు డార్సీ. ఇద్దరం నవ్వాం.

మా నవ్వు ఆగింది. గుటకల చప్పుడు ఆగలేదు. అది ఇప్పుడు మా వెనక నుంచి వస్తోంది.

తిరిగి చూస్తే మా కారు బానెట్ ఎత్తి ఉంది. మేం దాన్ని ముట్టుకోనే లేదు. తాళం తిప్పితే ఇంజిన్ మూలగనైనా లేదు.

అంతలో దూరంగా లైట్లు కనిపించాయి. రోడ్డు మధ్యకు పరిగెత్తి, చేతులు ఊపుతూ, "ఆగొద్దు! పోండి!" అని గొంతులు చించుకున్నాం.

పాపం, మంచివాడు. కారు ఆపి, నీళ్ల క్యాన్ పట్టుకుని దిగాడు.