పద్నాలుగు డబ్బాలు

ఎక్సైజ్ జీపు ఇంటి ముందు ఆగేసరికి సరళ ఏడో డబ్బా మూత తిప్పుతోంది. బుస్సుమని గ్యాస్ బయటికి వచ్చింది, వెనకే పుల్లటి వాసన. మూత మళ్లీ బిగించి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచి నిలబడింది.

మొత్తం పద్నాలుగు డబ్బాలు. వాటిలో పండ్ల తొక్కలు, కూరగాయల చెత్త, బెల్లం, నీళ్లు. మూడు నెలలు పులియబెడితే ఇల్లు తుడుచుకునే నీళ్లు తయారవుతాయి, ఫినాయిల్ అక్కర్లేదు. చర్ల హైస్కూల్లో సైన్సు సారైన ఆమె భర్త జగదీష్ ఫోన్‌లో వీడియో చూసి మొదలుపెట్టాడు. భద్రాచలం జ్యూస్ బండ్ల దగ్గర్నుంచి బత్తాయి తొక్కలు బస్తాల్లో తేవడం అతని వంతు. "మిగతాది మనం చూసుకుందాం" అంటాడు. ఆ మనం ఎవరో సరళకు తెలుసు. తొక్కలు తరగాలి. రోజూ పొద్దున్నే ఒక్కో మూత తీసి గ్యాస్ వదలాలి. వదలకపోతే పేలుతుంది. పోయిన నెల ఒకటి పేలింది. వంటింటి గోడ కడిగేసరికి ఆదివారం అయిపోయింది.

సరళ ఏఎన్ఎం, సర్కారు నర్సు. వారమంతా స్కూటీ మీద అడవి ఊళ్లు తిరిగి వస్తుంది. వచ్చాక కత్తిపీట. బత్తాయి పులుపుకు వేళ్ల సందులు ఒరిసిపోయి, అన్నం కలుపుకుంటే మండుతున్నాయి.

"బెల్లం బాగ కొంటున్నరట గదా సారూ," అన్నాడు ఎస్సై లోపలికి వస్తూ. "గుడుంబ పెడుతున్నరని ఫోనొచ్చింది."

జగదీష్ మొహం పాలిపోయింది. తండా నుంచి చదువుకుని పైకొచ్చిన మనిషి. నాటుసారా మాట తన గడపలో వినడం ఇదే మొదలు.

"గుడుంబ ఏంది సార్? ఇది ఎంజైమ్. ఇల్లు తుడిచేది."

"సారా కాసే బట్టీ లేకపోతే కేసు రాయను. కానీ పులిసిన బెల్లం నీళ్లయితే ఈడనే పారబోస్తం."

"మూడు నెలల కష్టం సార్," అన్నాడు జగదీష్.

"పారబోస్తే పోనియ్యి," అంది సరళ మెల్లగా. "సార్లతోటి లొల్లి ఎందుకు."

వాళ్లు అడగకముందే తనే మూతలన్నీ తీసింది. పడకగదిలోకి వెళ్లి మంచం పక్కకు జరిపి, కింద ఉన్న రెండు డబ్బాలూ చూపించింది. కొత్తవి. నురగ పొంగుతోంది.

"అచ్చం సారా ఊట లెక్కనే ఉన్నది సార్," అన్నాడు కానిస్టేబుల్. పాత డబ్బాలో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు. మొహం వంకర పోయింది. "ఇది తాగితె పండ్లూడుతయ్ సార్."

ఎస్సై నవ్వాడు. "దాచుకునేటోళ్లయితే మంచం కిందివి చూపిస్తరా? మీ మేడం ముక్కుసూటి మనిషి సారూ. ఆమెను చూసే వదిలేస్తున్న." గడప దాటుతూ ఆగాడు. "మా ఆఫీసు బాత్రూంలు గలీజుగున్నయ్. నెలకు రెండు డబ్బాలు పంపుండి."

జీపు వెళ్లిపోయింది. జగదీష్ ఒక్కసారిగా పదేళ్లు చిన్నవాడైపోయాడు.

"చూసినవా? ఆఫీసోళ్లే అడిగిండ్రు. ఇంక పది డబ్బాలన్న పెంచాలె మనం."

"అవ్," అంది సరళ.

"ఫోన్ చేసింది పక్కింటి నాగలక్ష్మే. వాసనొస్తుందని మొన్ననే గునిగింది. ఇగ ఆమెతోటి మాట్లాడకు."

"ఆమె కాదులే."

"నీకెట్ల తెలుసు?"

"ఇద్దరు పిల్లలు, నాలుగు బర్రెలు. ఆమెకు గంత తీరిక ఏడిది?"

జగదీష్ వినలేదు. బండి తీసుకుని వెళ్లి, మధ్యాహ్నం కల్లా రెండు బస్తాలతో వచ్చాడు. ఒకటి బత్తాయి, ఒకటి పైనాపిల్. వాకిట్లో దించి, చేతులు కడుక్కుని, ఫ్యాన్ కింద నడుం వాల్చాడు. గురక మొదలైంది.

సరళ కత్తిపీట ముందుకు లాక్కుంది. పైనాపిల్ బస్తా మూతి విప్పబోయి ఆగింది. ఫోన్ తీసి, ఆ పొద్దున ఎక్సైజ్ ఆఫీసుకు తను చేసిన కాల్‌ను లిస్టులోంచి తీసేసింది.