ఒకే ఒక్క ఆట

హౌస్‌ఫుల్ బోర్డు చూసి అమీనాబీ థియేటర్ మెట్ల మీదే కూలబడింది.

మార్కాపురంలోని ఆ థియేటర్లో డిసెంబరు చివరి వారమంతా ఆ ఏటి పెద్ద హిట్లే వేస్తున్నారు. రోజుకొక సినిమా. మ్యాట్నీ ఒక్కటే.

ఈ రోజుది అన్నిటికన్నా పెద్ద హిట్టు. రేపు ఇంకో సినిమా.

"పోదాం పా దాదీ. ఫోన్లో ఉందిగా," అనింది మనవరాలు ఇర్ఫానా.

"ఫోన్లో మీ దాదా నువ్వుగింజంత ఉన్నాడే. ముక్కేదో చెవేదో తెలీలే."

రెండేళ్ళ కిందట దోర్నాల పక్కన ఆ సినిమా షూటింగ్ జరిగింది. జనమంతా ఊరొదిలి పోయే సీను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రెండొందల మందిని పిలుచుకుపోయినారు. అమీనాబీ భర్త, పరుపులు కుట్టే మజీద్ కూడా వాళ్ళతో పోయినాడు.

"అంత పెద్ద తెర మీద నన్ను గుర్తుపడతావో లేదో," అని అప్పట్నుంచీ భార్యను ఆటపట్టించేవాడు.

సినిమా విడుదలకు వారం ముందు గుండె ఆగి పోయినాడు.

భర్త పోయిన ఇద్దత్‌లో అమీనాబీ నాలుగు నెలల పది రోజులు గడప దాటలేదు. ఆ లోపల సినిమా యాభై రోజులు ఆడి వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది ఆధార్ కార్డు ఫొటో ఒకటి. అందులో మజీద్ దొంగతనం చేసి పట్టుబడినోడి మాదిరి ఉంటాడు.

పై మెట్టు మీద ఒక ముసలాయన కూర్చోనున్నాడు. ఉతికిన పంచె, మడతలు పోని కొత్త చొక్కా. చేతిలో టికెట్.

ఇర్ఫానా దగ్గరికి పోయింది.

"ఏం పెద్దాయనా, బ్లాకులో ఎంతకిస్తావు?"

"నేను టికెట్లు అమ్మేటోని మాదిరి కనపడతన్నానా పాపా?"

"మరి చేతిలో పట్టుకొని ఇక్కడెందుకు కూర్చున్నావు?"

"గేటు తీయనీ. నీకంటే ముందు నేనే ఉరుకుతా."

అమీనాబీ లేచి వచ్చింది.

"దాని మాటకు ఏమనుకోబాకు అన్నా. ఈ సినిమాలో మా ఇంటాయన ఉన్నాడు. ఒక్క నిమిషమే. ఆ సీను చూసి వచ్చేస్తా. మిగతాదంతా నువ్వు చూసుకో."

"ఏ సీను?"

"ఊరొదిలి పోయేది."

ముసలాయన ఆమె వైపు తిరిగినాడు.

"మీ ఆయన రాలేదేంది?"

"లేడన్నా. పోయినాడు."

"ఎక్కడుంటాడు అందులో?"

"ఎద్దులబండి పక్కన. నెత్తిన పరుపు చుట్ట. సినిమావాళ్ళ పరుపు కుట్టు బాగాలేదని ఇంటినుంచి మోసుకుపోయినాడు."

ముసలాయన నవ్వబోయి ఆగినాడు. టికెట్‌ను ఒకసారి చూసుకొని ఆమె చేతిలో పెట్టినాడు.

"పో చెల్లెలా. వెనక వరస. తెర బాగా కనపడతాది."

"సీను కాగానే వచ్చేస్తా. నువ్వు ఈడనే ఉండన్నా."

"మిగతా సినిమాతో నాకేం పని లేదులే. నువ్వు నిమ్మళంగా చూసిరా."

డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"వింత మనిషి," అనింది ఇర్ఫానా. "పని లేకుంటే టికెట్ ఎందుకు తీసుకున్నట్టు?"

గేటు తీసినారు. తొక్కిడి. గేటుకాడి వరప్రసాదం తల ఎత్తకుండానే టికెట్ చింపి ఆమెను లోపలికి పంపినాడు.

ఈలలు, కాగితం ముక్కలు, కేకలు. అమీనాబీకి అవేమీ పట్టలేదు. ఫోన్లో ఆ ముక్క ఒక్కటే చూసింది, ఎప్పుడొస్తాడో తెలియదు. రెప్ప వేస్తే దాటిపోతాడేమోనని భయం. కళ్ళు మండి నీళ్ళు కారుతున్నా అట్లే చూస్తూ కూర్చుంది.

ఇంటర్వెల్ అయిపోయినాక తెర నిండా దుమ్ము లేచింది. బండ్లు కదిలినాయి.

వచ్చినాడు.

గోడంత మనిషి. నెత్తిన పరుపు చుట్ట. ఊరి వైపు ఒకసారి తిరిగి చూసినాడు. ఆ చూపు ఆధార్ కార్డుది కాదు. సాయంత్రం దుకాణం మూసి ఇంటికొచ్చేటప్పటిది.

"గుర్తుపట్టినా," అని చిన్నగా చెప్పింది ఆమె. "గుర్తుపట్టినా గదా."

చివరిసారి ఆయన్ను చూసింది గుడ్డ కప్పినప్పుడు. ఇప్పుడు నడుస్తున్నాడు. ఆ టికెట్ ఇచ్చిన మనిషి చల్లగా ఉండాలని అక్కడికక్కడే దువా చేసింది.

మజీద్ పక్కనున్న బండి ముందుకొచ్చింది. మూటల మీద ఒకామె కూర్చోనుంది. అందరూ ఏడ్చే సీనులో ఆమెకు మాత్రం నవ్వు ఆగడం లేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. బండి తోలేటాయన వెనక్కి తిరిగి ఆమెను ఏడవమని కసురుతూ తనూ నవ్వుతున్నాడు.

మెట్ల మీది ముసలాయన.

అమీనాబీ లేచి నిలబడింది.

"కూర్చో అవ్వా!" అని ఎవరో అరిచినారు.

ఆమె తడుముకుంటూ బయటికొచ్చింది. మెట్ల మీద ఇర్ఫానా ఒక్కతే ఉంది.

"ఆయనేడి?"

"నాకు టీ ఇప్పించి, పొదిలి బస్సెక్కినాడు దాదీ. ఎప్పుడో పోయినాడు."

అమీనాబీ గేటు దగ్గరికి పోయింది.

"నాయనా, సినిమాలో ఎద్దులబండి తోలేటాయన పేరేంది? నమాజులో తలుచుకోవాల."

వరప్రసాదం ముఖం విప్పారింది.

"చెంచయ్యా? కొనకనమిట్ల కాడ పల్లె ఆయనది. బండిలో నవ్వుతాదే, ఆమె ఆయన ఇల్లాలు. సినిమా ఆడినన్నాళ్ళూ ఆమె ఆస్పత్రిలో, ఈయన మంచం పక్కన. ఆమె పోయినాక వారం వారం వచ్చి, ఒక్క ఆట వేయండయ్యా, ఆమెను చూసుకుంటానని మా ఓనర్ కాళ్ళావేళ్ళా పడినాడు. ఆయన పోరు పడలేకే ఈ హిట్ల వారం పెట్టింది. పొద్దున మొదటి టికెట్ ఆయనదే, లోపల వెనక వరసలో కూర్చోనుంటాడు చూడమ్మా."