వెతకొద్దన్న చోటు

“ఇంకోసారి కొట్టు బాబూ. అచ్చరం తప్పేవేమో,” అన్నాడు కొర్లయ్య.

త్రినాథ్ ‘వెతుకు వంజరం’ అని మళ్లీ కొట్టాడు. నల్లటి తెర మీద ఒకే వరస వచ్చింది. ఏమీ దొరకలేదు.

అనకాపల్లి స్టేషన్ రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు త్రినాథ్‌ది. కొర్లయ్య, అతని భార్య దుర్గాలక్ష్మి పూడిమడక నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. లాప్‌టాప్ వాళ్ల కూతురు హాసినిది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా, కిందటేడు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయింది.

కాలేజీ ప్రాజెక్టు కోసం ఆ పిల్ల తండ్రిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేపల గురించి అడుగుతూ మాటలన్నీ రికార్డు చేసింది. ఒక్కో చేపకీ ఒక్కో ఫోల్డర్. ‘వెతుకు’ అని కొట్టి పక్కన చేప పేరు కొడితే చాలు, తండ్రికి అవన్నీ కనబడేలా చేసిపెట్టింది.

“మూడు నెల్ల నుంచి ఒక్కటీ రావట్లేదు. దాని పుస్తకాలొత్తన్నాయి, ఫొటోలొత్తన్నాయి. గొంతే రావట్లేదు,” అన్నాడు కొర్లయ్య.

“అంతకుముందు రోజూ వినేవారా?”

“పొద్దున్న మొదలెడితే సీకటడేదాకా. సముద్రం మీద ఏటకెల్డం కూడా మానేసేను. మా యావిడ తిట్టేది.” అతను తన వేళ్ల వంక చూసుకున్నాడు. “నేనే ఏదో నొక్కేసుంటాను బాబూ. పిల్లని ఎలాగూ దక్కించుకోలేపోయేను. దాని గొంతు కూడా నా సేత్తో నేనే సెరిపేసేను.”

దుర్గాలక్ష్మి తలెత్తలేదు.

“ఇదే మాటనుకుంటా అన్నం మానేసేడు,” అంది. “సూడలేక నానే ఈ కొట్టుకి తీసుకొచ్చేను. నువ్వే ఏదోటి సెయ్యాల.”

 త్రినాథ్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

“వెతకడం మానేసి, నేరుగా లోపలికెళ్లి చూద్దాం బాబాయ్.”

ఫోల్డర్లు ఒకదాని కింద ఒకటి వచ్చాయి. వంజరం. చందువ. కవళ్లు.

కొర్లయ్య లేచి నిలబడిపోయాడు. “ఉన్నాయా!”

“ఉన్నాయి. ఒక్కటీ పోలేదు.”

“మరెందుకు కనబళ్లేదు?”

“ఎక్కడ వెతకొద్దో చెప్పే చిన్న ఫైలొకటి ఉంటుంది. అందులో పేరున్న ఫోల్డర్ని వెతికే ప్రోగ్రాం ముట్టుకోదు, దాటేసి పోతుంది.” త్రినాథ్ ఆ ఫైలు తెరిచాడు. ఒకటే వరస ఉంది. ఆ చేపల ఫోల్డర్లన్నీ ఉన్న చోటి పేరు.

“ఎవులు రాసేరది?”

త్రినాథ్ తెర మీంచి చూపు తిప్పలేదు. బయట ఆటో ఒకటి హారన్ కొడుతూ పోయింది.

“అప్‌డేట్లు వచ్చినప్పుడు ఒక్కోసారి పడిపోతుంటాయి బాబాయ్. మీరు నొక్కినందుకు కాదు. మీ తప్పేం లేదు.”

“ఒట్టా?”

“ఒట్టు.”

వరస తీసేసి, లాప్‌టాప్ అతని వైపు తిప్పాడు. కొర్లయ్య ఒక్కో అక్షరం చూసుకుంటూ తనే కొట్టాడు. ఎనిమిది రికార్డింగుల పేర్లొచ్చాయి. మొదటిది నొక్కాడు.

“నాన్నా, వంజరానికి పొలుసుంటాదా?”

“ఉన్నట్టే ఉండదమ్మా. సేత్తో తడిమితే తెలుస్తాది.”

“అయితే నీకెలా తెలిసింది? నువ్వు తినేటప్పుడు తడమవు కదా!” ఆ వెంటే పిల్ల నవ్వు.

కొర్లయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. దుర్గాలక్ష్మి అతని వీపు మీద చెయ్యి వేసి, కూతురి నవ్వు ఆగేదాకా అలాగే నిలబడింది.

రెండోది వినలేదు. కొర్లయ్య తనే మూత దించాడు.

“సాల్లే. ఉన్నాయని తెలిసింది. మిగతాయి రేపింటాను.” భార్య వైపు తిరిగాడు. “ఆకలేత్తంది. ఏదైనా తిందారా.”

లాప్‌టాప్ చంకన పెట్టుకుని అతను ముందు మెట్లు దిగాడు. గుమ్మం దగ్గర దుర్గాలక్ష్మి వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించింది. త్రినాథ్ ఆమె కళ్లలోకి చూడలేకపోయాడు.

మూడు నెలల కిందట, ఆ గొంతు మొగుడికి దొరక్కుండా చెయ్యమని ఆవిడ ఒంటరిగా లాప్‌టాప్ పట్టుకొచ్చి ఏడుస్తుంటే చూడలేక, ఆ వరస రాసింది త్రినాథే.