గాలిపెట్టె

ఆమెకు అన్నిటికన్నా ఎక్కువ భయం మొగుడి కుడికాలు.

మనిషి మంచివాడే. తాగుడు లేదు, తిరుగుడు లేదు, గట్టిగా ఒక మాట అనడు. కారెక్కితే మాత్రం ఆ కాలికి పూనకం వస్తుంది. స్నేహితులు ముద్దుగా రాకెట్ అంటారు. "నేనేం చెయ్యనే, కాలు నా మాట వినదు" అంటాడు, అదేదో అద్దెకు తెచ్చుకున్న కాలైనట్టు.

ఆ తొక్కుడుకి ఎప్పుడూ కుడికాలి సాక్సే చిరిగేది, బొటనవేలి దగ్గర. ఎడమది మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతూ ఉండేది. నీలం దారం అయిపోయి ఒకసారి ఎర్రదారంతోనే కుట్టి పడేసింది. పాపను ఆసుపత్రి నుంచి తెచ్చిన వారమే ఆ సాక్సు కాస్తా దండెం మీద నుంచి మాయమైంది. ఆమె అనుమానం పై వాటా వాళ్ల మీద. "ఒంటి సాక్సుతో వాళ్లేం చేసుకుంటారే" అని మొగుడు వాళ్ల తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

పెళ్లయిన కొత్తలో ఆ వేగం ఆమెకూ సరదాగానే ఉండేది. ఇప్పుడలా కాదు. ఈమధ్య కారు జోరు ఒక పిసరు తగ్గినా, ఆమె భయానికి అది చాల్లేదు. పాపను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటే, మలుపు మలుపుకీ పైప్రాణాలు పైనే పోతున్నాయి. బతిమాలింది. అలిగింది. పాప తల మీద ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేసింది చెయ్యి, తొక్కేది కాలు. ఏం లాభం?

ఇక ఇలా కాదని ఒక మధ్యాహ్నం తనే బానెట్ ఎత్తింది.

ఆమె తమ్ముడు స్పేర్ పార్టుల షాపులో పనిచేస్తాడు. ఇంటికొస్తే ఇంజిన్ గోల తప్ప ఇంకో మాట ఉండదు. మనిషికి ముక్కెలాగో కారుకి గాలిపెట్టె అలాగని వాడెప్పుడో వాగాడు. ఆ ముక్క ఆమె బుర్రలో ఉండిపోయింది. నల్ల ప్లాస్టిక్ పెట్టె క్లిప్పులు లాగి, పాపకు బిగుతైన పసుపుపచ్చ గౌను ఒకటి లోపల కుక్కి, మూత బిగించేసింది.

మందు బ్రహ్మాండంగా పనిచేసింది. మర్నాటి నుంచి కారు ఆయాసపడుతూ నడిచింది. ఎత్తు రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ దాటిపోయిన పాలవాడు వెనక్కి తిరిగి జాలిగా చూశాడు కూడా. మొగుడు మెకానిక్ దగ్గరికి పరిగెడతాడేమోనని ఆమె ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. అతను పోలేదు. "వయసు మీద పడింది పాపం, దాని నడక దాన్ని నడవనీ" అని స్టీరింగ్ తట్టి ఊరుకున్నాడు. అతని బద్ధకానికి ఆమె జీవితంలో మొదటిసారి దణ్ణం పెట్టుకుంది.

హమ్మయ్య అనుకునేలోపే ఆదివారం పొద్దున్నే తమ్ముడు ఊడిపడ్డాడు. చంకలో డబ్బా. డబ్బాలో ఎర్రగా, గరాటును బోర్లించినట్టున్న గాలి ఫిల్టరు. బావ కారును సైకిలు దాటేసిందని షాపులో అందరూ నవ్వారట. వాడికి తల కొట్టేసినట్టయిందట. కంపెనీ ఇచ్చిన పెట్టె పీకేసి ఇది తగిలిస్తే ఇంజిన్ గుండెల నిండా గాలి పీలుస్తుందని, రాకెట్ మళ్లీ రాకెట్ అయిపోతాడని వెంట తెచ్చిన పానాలు నేల మీద పరుస్తూ చెప్పుకుపోయాడు.

దానికి చప్పుడెక్కువట, పాప ఉలిక్కిపడి లేస్తుంది, వద్దందామె. మొగుడు ఎగిరి గంతేసి తమ్ముడి పక్షం చేరతాడనుకుంది.

"మీ అక్క చెప్పిందీ నిజమేరా" అన్నాడతను. "అయినా గొట్టానికి బిగించే క్లాంపు సైజు చాలదేమో."

"కొలుచుకునే తెచ్చా బావా."

"ఇంజిన్ వేడిగా ఉంటుంది."

"పొద్దున్నించీ బండి తియ్యందే ఎలా వేడెక్కింది?"

మొగుడు వాడి చేతిలో డబ్బా అందుకున్నాడు. "సరే, నువ్వెళ్లి కాళ్లు చాపుకుని కూర్చో. నేను బిగించుకుంటాలే."

ఆమె గబగబా అడ్డం వచ్చింది. "మీకెందుకండీ ఆ మసి. చొక్కా పాడవుతుంది. నేను విప్పుతా."

"నువ్వా?"

"ఏం, వంటింట్లో డబ్బాల మూతలన్నీ మీరొచ్చి తీస్తున్నారా?"

నేనంటే నేనని ఇద్దరూ చెరోవైపు బానెట్ పట్టుకుని తగువులాడుకుంటుంటే, పెళ్లికాని తమ్ముడికి అందులో తలదూర్చడం దేనికనిపించింది. వంగి, టకటకా క్లిప్పులు లాగేశాడు.

"అక్కా, ఇది బుజ్జిదాని గౌను కాదూ?"

ఎలుక లాక్కొచ్చి ఉంటుందని చెబుదామనుకుంది. చివరికి ఉన్నమాటే అనేసింది.

"నేనే పెట్టాను. మీ కాలంటే నాకు భయం."

అని, తిట్లకు సిద్ధపడి మొగుడి ముఖంలోకి చూసింది. అతను అసలు గౌను వైపే చూడటం లేదు. పెట్టెలోకి గాలి తెచ్చే గొట్టం వైపు చూస్తున్నాడు.

"ఇక చాల్లేరా, మూత పెట్టెయ్" అన్నాడు మెల్లిగా.

తమ్ముడు వింటేగా. గొట్టంలోకి వేళ్లు దూర్చి తడుముతున్నాడు.

"ఉండు బావా, ఇక్కడింకేదో ఉంది. గౌను కన్నా ముందునుంచే ఉన్నట్టుంది, బాగా మసి పట్టింది."

లోపల పాప లేచి ఏడుస్తోంది, చదువుతున్న మీలో ఎవరైనా కాస్త వెళ్లి చూడండి. ఆమె మాత్రం ఇప్పట్లో కదిలేలా లేదు, తమ్ముడి వేళ్ల మధ్య వేలాడుతున్న ఆ నీలం సాక్సుకు బొటనవేలి దగ్గర తను కుట్టిన ఎర్రదారం ఉంది.