మూతపడ్డ స్టేషనులో చరిత్ర బోర్డు

మూతపడ్డ తమ ఊరి రైల్వే స్టేషను చరిత్రను చెక్క బోర్డు మీద రాస్తున్న ఒకప్పటి స్టేషన్ మాస్టరు ఇసోబె, ఆఖరి వాక్యం పైకి చదివాడు: “చివరి పదేళ్లూ రోగిష్ఠి తొమె గారి కోసమే ఇక్కడ రైలు ఆగింది.”

పక్కనే ఉన్న తొమె కుంచె లాక్కుంది. “ఎవరండీ రోగిష్ఠి?”

“రోజూ ఆసుపత్రికి వెళ్లేవారుగా!”

“ఆసుపత్రి అరుగు మీద అన్నం ముద్ద తిని, మధ్యాహ్నం రైలుకి తిరిగొచ్చేదాన్ని. ఒక్కరైనా ఎక్కకపోతే మీ ఉద్యోగం ఊడుతుందని!”

ఇసోబె తల గోక్కున్నాడు. “నేను రిటైరై తొమ్మిదేళ్లయిందండీ. రైలెక్కేటప్పుడు మీకు చెయ్యందించేవాళ్లు లేరని, పాత యూనిఫాం వేసుకొచ్చి నిలబడేవాణ్ణి.”

తొమెకు నవ్వాగలేదు. కుంచె తిరిగిచ్చి, ప్లాట్‌ఫాం మీదే చతికిలబడింది.

“ఇక రైలు రాదు కదా,” అన్నాడు ఇసోబె దిగులుగా.

“పీడా పోయింది. మీరు చెయ్యందించిన మరుక్షణమే కదిలిపోయేది. కూర్చోండి.”